ఎండలో నల్లబడి నీడలో తేటబడే కళ్ళద్దాలు: కొనే ముందు తెలుసుకోవాల్సిన సైన్స్



పేరెంట్స్ మీటింగుల్లో ఈమధ్య తరచూ వినిపిస్తున్న ప్రశ్న ఒకటి ఉంది. "బాబుకి కళ్ళద్దాలు రాశారు మేడమ్. ఎండకు రంగు మారే అద్దాలు తీసుకోమంటున్నారు. కళ్ళకు మంచిదంట, పవర్ కూడా పెరగదంట. తీసుకోమంటారా?"

ఈ అద్దాలు మామూలు వాటికంటే ఖరీదు. పిల్లలకు పవర్ మారుతూ ఉంటుంది కాబట్టి ఏడాదికో రెండేళ్లకో మళ్ళీ కొనాల్సి వస్తుంది. ఫీజులు, బస్సు చార్జీలు, పుస్తకాలు లెక్క చూసుకునే ఇంట్లో ఇది చిన్న ఖర్చు కాదు. కాబట్టి "కొనండి" అనో "వద్దు" అనో ఒక్క మాటలో చెప్పడం కంటే, ఆ అద్దం లోపల ఏం జరుగుతుందో చెప్పడం మేలు. అది తెలిస్తే కౌంటర్ దగ్గర వినే మాటల్లో ఏది నిజమో మీరే తేల్చుకోగలరు. పదో తరగతి పిల్లలకు కంటి గురించిన పాఠం ఎలాగూ ఉంది. వాళ్ళతో కలిసి చదివితే ఇంకా బాగుంటుంది.

రంగు మారడం మనకు కొత్త కాదు

పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుంది. అందులో నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపు రంగు తిరిగి వస్తుంది. పసుపులో ఉండే కర్‌క్యుమిన్ అనే కర్బన సమ్మేళనం చేసే పని ఇది. రంగు వెళ్ళింది, తిరిగి వచ్చింది. అయితే రంగు మార్చింది సున్నంలోని క్షార గుణం, వెలుతురు కాదు.

ఇంకొకటి చూడండి. దండెం మీద రోజూ ఎండలో ఆరేసే యూనిఫాం చొక్కా ఏడాది తిరిగేసరికి వెలిసిపోతుంది. ఇక్కడ రంగు మార్చింది వెలుతురే. కానీ ఆ చొక్కాను బీరువాలో ఎన్నాళ్ళు దాచినా పాత రంగు తిరిగి రాదు.

కళ్ళద్దానికి కావలసింది ఈ రెండు గుణాలూ కలిసినది. వెలుతురు పడితే రంగు మారాలి, వెలుతురు తీసేస్తే పాత రంగు తిరిగి రావాలి. ఈ గుణాన్ని ఫోటోక్రోమిజం అంటారు. 1867లో ఫ్రిట్షే అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని గమనించాడు. టెట్రాసీన్ అనే కర్బన సమ్మేళనాన్ని కరిగించిన నారింజ రంగు ద్రావణం పగటి వెలుతురులో వెలిసిపోయి, చీకట్లో ఉంచితే మళ్ళీ నారింజ రంగుకు వచ్చింది. ఫోటోక్రోమిజం అనే పేరు మాత్రం చాలా ఆలస్యంగా, 1950లో, ఇజ్రాయెల్ శాస్త్రవేత్త యెహుదా హిర్ష్‌బర్గ్ పెట్టాడు.

అణువు గొడుగులా తెరుచుకుంటుంది

1960లలో అమెరికాలోని కార్నింగ్ కంపెనీ తయారు చేసిన తొలి రంగు మారే కళ్ళద్దాలు గాజువి. వాటిలో రంగు మారేది వెండి లవణాల సన్నటి స్ఫటికాలు. అవి బరువు, కింద పడితే పగులుతాయి. ఇప్పుడు పిల్లలు పెట్టుకుంటున్నవి ప్లాస్టిక్ అద్దాలు. ఇవి 1990ల మొదట్లో ట్రాన్సిషన్స్ కంపెనీ ద్వారా మార్కెట్‌లో నిలదొక్కుకున్నాయి. వీటిలో వెండి ఉండదు, కర్బన సమ్మేళనాలు ఉంటాయి. ఎక్కువగా వాడేది నాఫ్తోపైరాన్ అనే కుటుంబం. పేరుకు భయపడనక్కర్లేదు, పని చాలా తేలిక.

ఈ అణువు మధ్యలో ఒక చిన్న వలయం ఉంటుంది. నీడలో ఉన్నప్పుడు ఆ వలయం మూసి ఉంటుంది. అప్పుడు అణువు మడిచిన గొడుగులాంటిది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగలగానే ఆ వలయంలో కార్బన్‌కూ ఆక్సిజన్‌కూ మధ్య ఉన్న బంధం తెగుతుంది. వలయం విచ్చుకుని అణువు బల్లపరుపుగా చాచుకుంటుంది. అంటే గొడుగు తెరుచుకుంది. అతినీలలోహిత కిరణాలు ఆగిపోతే, చుట్టూ ఉన్న మామూలు వేడికే అణువు మళ్ళీ ముడుచుకుని తెగిన బంధం అతుక్కుంటుంది. అణువులో ఏదీ కొత్తగా చేరలేదు, ఏదీ పోలేదు. ఆకారం మాత్రమే మారి తిరిగి వచ్చింది.

ఆకారం మారితే రంగు ఎందుకు రావాలి? దీనికి మన బొబ్బిలి వీణ సాయం తీసుకుందాం. తీగను మెట్టు మీద నొక్కి మోగే భాగం పొట్టి చేస్తే స్వరం హెచ్చుతుంది. పొడవుగా వదిలితే స్వరం తగ్గుతుంది. అణువులోని ఎలక్ట్రాన్లు కూడా దాదాపు అంతే. అణువు మూసి ఉన్నప్పుడు అవి తిరిగే దారి రెండు చిన్న ముక్కలుగా ఉంటుంది. కాబట్టి ఎక్కువ శక్తి గల అతినీలలోహిత కిరణాలనే పీల్చుకుంటాయి. మన కంటికి కనిపించే వెలుతురు దాటి వెళ్ళిపోతుంది, అద్దం తేటగా కనిపిస్తుంది. అణువు తెరుచుకున్నాక ముక్కలు కలిసి పొడవైన దారి ఏర్పడుతుంది. అప్పుడు తక్కువ శక్తి గల వెలుతురును, అంటే కంటికి కనిపించే వెలుతురును పీల్చుకోవడం మొదలవుతుంది. అద్దం నల్లబడుతుంది. ఒక్క అణువు ఒక్క రంగే ఇస్తుంది కాబట్టి నీలం వైపు, పసుపు వైపు వెళ్ళే రెండు మూడు రకాల అణువులు కలిపి బూడిద రంగో గోధుమ రంగో తెప్పిస్తారు.

చిల్లు బిందె లెక్క

ఎండలో ఉన్నంతసేపూ అణువులన్నీ తెరిచే ఉండవు. కొన్ని తెరుచుకుంటుంటే కొన్ని మూసుకుంటూ ఉంటాయి. అడుగున చిల్లు ఉన్న బిందెను కుళాయి కింద పెట్టినట్టు ఊహించుకోండి. కుళాయి అంటే అతినీలలోహిత కిరణాలు. చిల్లు అంటే వేడి. బిందెలో నిలిచే నీళ్ళు అంటే అద్దం నలుపు. కుళాయి ఎంత జోరుగా ఉంది, చిల్లు ఎంత పెద్దది అన్న రెండింటి మీదే నీటి మట్టం ఆధారపడుతుంది.

ఈ ఒక్క లెక్కతో మన ప్రాంతంలో ఈ అద్దాలు ఎలా పనిచేస్తాయో చెప్పేయవచ్చు.

రోలుగుంటలో మే నెల మిట్టమధ్యాహ్నం కుళాయి జోరుగా ఉంటుంది, నిజమే. కానీ వేడి వల్ల చిల్లు కూడా పెద్దదవుతుంది. అందుకే మండే ఎండలో ఈ అద్దాలు మనం అనుకున్నంత నల్లబడవు. నీడకు రాగానే తొందరగా తేటబడతాయి కూడా. అవే అద్దాలు పెట్టుకుని డిసెంబరులో నర్సీపట్నం మీదుగా లంబసింగి వెళ్ళి, మంచు విడిచి ఎండ కాసే సమయంలో చూడండి. చలికి చిల్లు చిన్నదైపోతుంది. అద్దం బాగా నల్లబడుతుంది, టీ కొట్టు లోపలికి వెళ్ళాక తేటబడడానికీ ఎక్కువ సేపు పడుతుంది. అది అద్దం లోపం కాదు, ఉష్ణోగ్రత ప్రభావం. ఎక్కువ ఎండ ఉన్న ఊరికి ఎక్కువ నలుపు వస్తుందని అనుకుని కొంటే మాత్రం నిరాశ తప్పదు.

కారులో ముందు సీట్లో కూర్చుంటే అద్దం దాదాపు నల్లబడదు. కారు ముందు అద్దంలో రెండు గాజు పలకల మధ్య ఉండే ప్లాస్టిక్ పొర అతినీలలోహిత కిరణాలను ముందే ఆపేస్తుంది. కుళాయి కట్టేసినట్టే. హెల్మెట్‌కు ఉండే పారదర్శక ముఖకవచం వెనుక కూడా ఇదే పరిస్థితి. "డ్రైవింగ్‌కి బాగుంటాయి" అని నాన్నగారికి ఎవరైనా చెబితే ఈ సంగతి గుర్తు చేయండి.

ఇంకొక విషయం. కొన్ని వేలసార్లు తెరిచి మూసిన గొడుగు ఊచ విరిగినట్టు, ఈ అణువుల్లో కూడా కొన్ని ఆక్సిజన్‌తో చర్య జరిపి పాడైపోతాయి. అవి ఇక తిరిగి రావు. అందుకే రెండు మూడేళ్ళు వాడాక అద్దం మునుపటిలా నల్లబడదు, నీడలో కూడా కొంచెం పసుపు ఛాయ మిగులుతుంది.

ఇంట్లో చేసి చూడండి

ఇంట్లో ఎవరికైనా ఇలాంటి కళ్ళద్దాలు ఉంటే, వారి అనుమతితో పిల్లల చేత ఇవి చేయించండి.

1. అద్దం మీద గీత పడకుండా రూపాయి బిళ్ళంత కాగితం ముక్క కోసి పెట్టండి. రెండు నిమిషాలు ఎండలో ఉంచి నీడకు తెచ్చి వెంటనే కాగితం తీయండి. తేటగా గుండ్రటి మచ్చ కనిపిస్తుంది. నిమిషాల్లో అది చుట్టూ ఉన్న రంగులో కలిసిపోతుంది. పిల్లలు గడియారం చూసి ఎంతసేపు పట్టిందో రాసుకోవాలి.

2. ఉదయం ఎనిమిది గంటలకు ఒకసారి, మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఒకసారి ఇదే ప్రయోగం చేసి తేడా రాయండి.

3. ఎండలో ఉంచే ముందు ఒకసారి అద్దాన్ని చల్లటి నీళ్ళలో ముంచి తుడిచి చూడండి. ఎక్కువ నల్లబడిందా? ఎందుకో పిల్లల్నే చెప్పమనండి. వేడి నీళ్ళలో మాత్రం ముంచకండి, అద్దం పై పూత దెబ్బతింటుంది.

ఒక జాగ్రత్త: ఎంత నల్లబడినా సరే, ఈ అద్దాలతో సూర్యుణ్ణి గానీ గ్రహణాన్ని గానీ నేరుగా చూడకూడదు.

ఇలాంటి పదార్థం మీ పాప కంట్లోనూ ఉంది

వెలుతురు పడితే ఆకారం మార్చుకుని, రంగు మారి, తిరిగి మొదటికి వచ్చే కర్బన సమ్మేళనం ఒకటి మనందరి కళ్ళలో పుట్టుకతోనే ఉంది. 1876లో ఫ్రాంజ్ బోల్ అనే జర్మన్ శాస్త్రవేత్త కప్ప కళ్ళు పరిశీలిస్తూ దీన్ని కనిపెట్టాడు. చీకట్లో ఉంచిన కప్ప కంటి రెటీనా ఎర్రగా కనిపించింది. వెలుతురు పడగానే ఆ రంగు వెలిసిపోయింది. బతికి ఉన్న కప్పను మళ్ళీ చీకట్లో ఉంచితే ఆ రంగు తిరిగి వచ్చింది.

ఆ రంగు పదార్థం పేరు రోడాప్సిన్. అందులో వెలుతురును అందుకునే భాగం రెటినాల్ అనే చిన్న అణువు. ఇది వంగిన తీగలా ఉంటుంది. వెలుతురు తగలగానే నిటారుగా అవుతుంది. ఆ చిన్న కదలికే నరాల ద్వారా మెదడుకు చేరి "వెలుగు కనిపించింది" అన్న సమాచారం అవుతుంది. కళ్ళద్దంలో వెలుతురు పడితే రంగు వస్తుంది, కంటిలో వెలుతురు పడితే రంగు పోతుంది. తేడా అంతే.

ఇంకో పెద్ద తేడా కూడా ఉంది. అద్దంలోని అణువు వేడికి తనంతట తానే వెనక్కి వస్తుంది. కంటిలో నిటారు అయిన రెటినాల్ తిరిగి వంగడానికి శరీరం పని చేయాలి. దానికి నిమిషాలు పడుతుంది. ఎండలోంచి సినిమా హాల్లోకి వెళితే మొదట సీటు నంబరు కనిపించక తడుముకుంటాం కదా. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడడానికి అరగంట, ఆపైన కూడా పడుతుంది.

ఈ రెటినాల్ తయారయ్యేది విటమిన్ ఎ నుంచి. జార్జ్ వాల్డ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1933లో రెటీనాలో విటమిన్ ఎ ఉందని చూపించాడు. ఈ రంగాన్ని ముందుకు తీసుకువెళ్ళినందుకు 1967లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. విటమిన్ ఎ చాలకపోతే రోడాప్సిన్ తిరిగి తయారు కాదు. పగలు బాగానే కనిపిస్తుంది, సందె వేళకు దారి కనిపించదు. అదే రేచీకటి. అశ్రద్ధ చేస్తే కన్ను పొడిబారి, నల్లగుడ్డు దెబ్బతిని, చూపు పూర్తిగా పోయే ప్రమాదం ఉంది.

ఈ కథలో మన హైదరాబాదుకూ చోటుంది. అక్కడి జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు పిల్లలకు ఎక్కువ మోతాదులో విటమిన్ ఎ నోటి ద్వారా ఇచ్చి, లోపాన్ని నివారించవచ్చో లేదో పల్లెల్లో పరిశీలించారు. ఆ కృషి ఆధారంగా 1970లో జాతీయ కార్యక్రమం మొదలైంది. మీ పిల్లలకు 9వ నెలలో తట్టు టీకాతో పాటు ఒక లక్ష యూనిట్లు, తర్వాత 5 ఏళ్లు వచ్చేవరకు ఆరు నెలలకోసారి 2 లక్షల యూనిట్లు చెంచాతో పోశారు కదా, ఆ పసుపు రంగు మందు అదే. ఇప్పుడు బడి వయసుకు వచ్చిన పిల్లలకు ఆ విటమిన్ తిండి నుంచే అందాలి. మునగాకు, తోటకూర, పాలకూర, గుమ్మడికాయ, క్యారెట్, బొప్పాయి, మామిడిపండు, గుడ్డు పచ్చసొన, పాలు అన్నీ మనకు దొరికేవే. ఈ విటమిన్ నూనెలో కరుగుతుంది కాబట్టి ఆకుకూర పప్పుకు నూనె తాలింపు పెట్టడం రుచికే కాదు, ఒంటికి పట్టడానికి కూడా మంచిది. విటమిన్ ఎ మాత్రలు మాత్రం డాక్టరు చెప్పకుండా సొంతంగా వేయకండి. ఎక్కువైనా ప్రమాదమే.

మరి కొనాలా?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. షాపుల్లో వినిపించే మూడు మాటలను ఒక్కొక్కటిగా చూద్దాం.

"పవర్ పెరగదు." ఇది నిజం కాదు. పైన చెప్పిన పద్ధతిలో ఎక్కడా కనుగుడ్డు పెరుగుదలను ఆపే పని లేదు. ఈ అద్దం చేసేది వెలుతురు తగ్గించడం వరకే. హ్రస్వదృష్టి రాకుండా కొంత కాపాడుతుందని తేలింది ఆరుబయట గడిపే సమయం. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో ఒకటో తరగతి పిల్లలకు బడిలో రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపే పీరియడ్ పెట్టారు. మూడేళ్ల తర్వాత వారిలో హ్రస్వదృష్టి వచ్చినవారు 30.4 శాతం, అదనపు పీరియడ్ లేని బడుల్లో 39.5 శాతం. ఆటల పీరియడ్ తీసేసి స్టడీ అవర్ పెట్టమని అడిగే తల్లిదండ్రులు ఈ అంకెలు ఒకసారి చూడాలని నా మనవి.

"అతినీలలోహిత కిరణాల నుంచి రక్షణ." ఇది నిజమే. కానీ పాలికార్బనేట్ అనే తేట ప్లాస్టిక్ అద్దం కూడా ఆ కిరణాలను ఆపుతుంది. పైగా సులువుగా పగలదు, కాబట్టి ఆడుకునే పిల్లలకు మంచిది. ఈ ఒక్క కారణానికే రంగు మారే అద్దం కొనాల్సిన అవసరం లేదు.

"ఎండలో కళ్ళకు సుఖం." ఇది నిజం. ఎండకు కళ్ళు చికిలించే పిల్లలకు, వెలుతురు పడని కంటి సమస్య ఉందని డాక్టరు చెప్పిన పిల్లలకు ఇవి ఉపయోగపడతాయి. చలువ అద్దాలు వేరేగా మోయనక్కర్లేదు.

కాబట్టి ఇది సౌకర్యం, వైద్యం కాదు. డబ్బు పరిమితంగా ఉంటే మొదటి ఖర్చు సరైన కంటి పరీక్షకు, రెండోది సరైన పవర్ గల తేట అద్దాలకు, మూడోది ఏడాదికోసారి మళ్ళీ చూపించడానికి. ఇవన్నీ అయ్యాక మిగిలితే రంగు మారే అద్దాలు.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పరిశోధకులు మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో 7 నుంచి 15 ఏళ్ల పిల్లలు నాలుగు వేల మందికి పైగా పరీక్షించి 2002లో ఫలితాలు ప్రచురించారు. చూపు తగ్గిన కళ్ళలో 61 శాతానికి కారణం కళ్ళద్దాలతో సరిచేయగల దృష్టి దోషమే. అంటే మందు అక్కర్లేదు, ఆపరేషన్ అక్కర్లేదు, ఒక జత మామూలు అద్దాలు చాలు. అవి లేక ఆ పిల్లలు బోర్డు కనిపించకుండానే కూర్చున్నారు. చిన్న వయసులోనే ఒక కంటికి దోషం ఉండి సరిచేయకపోతే మెదడు ఆ కంటిని పట్టించుకోవడం మానేస్తుంది. దాన్నే లేజీ ఐ అంటారు. వయసు దాటాక ఎంత మంచి అద్దం పెట్టినా ఆ చూపు పూర్తిగా తిరిగి రావడం కష్టం. అణువు వెనక్కి తిరిగి వస్తుంది గానీ, దాటిపోయిన ఆ వయసు తిరిగి రాదు.

మీరు ఇంట్లో గమనించాల్సినవి

- పుస్తకం ముఖానికి మరీ దగ్గరగా పెట్టుకోవడం, టీవీకి దగ్గరగా జరగడం
- ఒక కన్ను మూసి గానీ తల ఒక పక్కకు వంచి గానీ చూడడం
- బోర్డు మీదవి పక్కవారి నోట్సు చూసి రాసుకోవడం, తరచూ తలనొప్పి అనడం
- సందె వేళ నడుస్తూ వస్తువులకు తగులుకోవడం, లైట్లు లేనిచోట భయపడడం
- తెల్లగుడ్డు మీద నురగలాంటి తెల్లటి మచ్చ

వీటిలో ఏది కనిపించినా షాపుకు వెళ్ళే ముందు కంటి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. చివరి రెండూ కనిపిస్తే అసలు ఆలస్యం చేయకండి.

మీ పాపకో బాబుకో ఇప్పటికే రంగు మారే అద్దాలు ఉంటే డైరీలో ఒక్క ముక్క రాసి పంపండి. గ్రౌండ్ నుంచి క్లాసులోకి వచ్చాక అవి తేటబడడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అంతవరకు బోర్డు మసకగా కనిపించవచ్చు. ఆ సంగతి ముందే తెలిస్తే ఆ కాసేపు బోర్డు పని తర్వాత పెట్టుకోవచ్చు, "లోపల కూడా నల్లద్దాలేంటి?" అని బిడ్డను ఎవరూ కసురుకోకుండా చూడవచ్చు. పైన ఇచ్చిన ప్రయోగం చేసిన పిల్లలు తాము రాసుకున్న నిమిషాల పట్టికను సైన్స్ పీరియడ్‌కు తీసుకురావచ్చు. అందరి అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ ఇంట్లో ఎంత వేడిగా ఉందో కూడా తెలిసిపోతుంది!